రూ. 1,500 సెకండ్‌హ్యాండ్ టాబ్లెట్‌లో లైనక్స్: ఏ లోపంతో బతకొచ్చు, ఏ లోపం చూసి లేచి రావాలి?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అప్పటి నుంచి కరీంనగర్ సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఒక రకం సరుకు నా కంటికి ఎక్కువగా పడుతోంది. 2014, 2015లలో వచ్చిన చిన్న విండోస్ టాబ్లెట్లు. 8 ఇంచులో, 10 ఇంచులో స్క్రీన్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. విండోస్ వాటి మీద ఎప్పుడూ సరిగా ఊపిరి పీల్చుకోలేదు, ఇప్పుడు అప్‌డేట్లు కూడా లేవు. అందుకే రూ. 1,500 నుంచి రూ. 3,000 మధ్య ఇచ్చేస్తున్నారు. ఇచ్చేస్తున్నారు అంటే ఏదో ఒక రోగం ఉందన్నట్టే.

నేను అలాంటిదే ఒకటి తీసుకున్నా. నా కోసం కాదు. మా పిన్ని కూతురు ఉట్నూరు దగ్గర ఒక ఊళ్లో చిన్న పిల్లలకు పాఠాలు చెబుతుంది. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు, బడి పుస్తకం తెలుగులో ఉంటుంది. ఆమెకు కావాల్సింది పెద్ద స్క్రీన్ మీద పీడీఎఫ్‌లు చదవడం, తెలుగులో పాఠం నోట్సు టైప్ చేయడం, కుదిరితే గోండి అక్షరాలు పిల్లలకు చూపించడం. బడ్జెట్ రూ. 2,500. అక్కడ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాబట్టి అన్నీ ఆఫ్‌లైన్‌లో నడవాలి. కొత్తది కొనడానికి ఆ పైసలు చాలవు. పాడైనది అంటగడితే ఆమె నెల రోజుల నోట్సు పోతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో ఇన్‌స్టాల్ స్టెప్పుల కంటే పరీక్షల గురించే ఎక్కువ ఉంటుంది.

ముందు చిప్ ఏదో అడగండి

టాబ్లెట్ అంటే మన దగ్గర ఎక్కువగా దొరికేవి ఏఆర్ఎం చిప్ ఉన్న ఆండ్రాయిడ్ టాబ్లెట్లు. వాటి జోలికి పోకండి. లైనక్స్ రాదని కాదు. పీసీలో అయితే బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ "నా దగ్గర ఈ ఈ హార్డ్‌వేర్ ఉంది" అని కెర్నెల్‌కు చెబుతుంది. ఆ టాబ్లెట్లలో అలా చెప్పేవాళ్లు ఉండరు. ప్రతి మోడల్‌కీ ఎవరో ఒకరు కూర్చుని డివైస్ ట్రీ అనే పటం రాసి పెట్టాలి. మీ మోడల్‌కు రాసి ఉంటే అదృష్టం, లేకపోతే బూట్‌లోడర్ దగ్గరే ఆగిపోతారు. 2011లో కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్ గుర్తుందా? మొదటి బ్యాచ్ మన హైదరాబాద్‌లోనే అసెంబుల్ అయ్యింది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. అది ఇప్పుడు ఎవరైనా ఫ్రీగా ఇచ్చినా గోడకు గడియారంలాగ కూడా పనికిరాదు.

మీరు వెతకాల్సింది ఇంటెల్ ఆటమ్ చిప్ ఉన్నవి. ముఖ్యంగా జెడ్3735ఎఫ్. 2014లో వచ్చింది, నాలుగు కోర్లు, 1.33 గిగాహెర్ట్జ్ నుంచి 1.83 దాకా పోతుంది, గరిష్ఠంగా 2 జీబీ ర్యామ్. దీన్ని పెట్టి లెక్కలేనన్ని కంపెనీలు టాబ్లెట్లు చేశాయి, కాబట్టి కంపెనీ పేరు కంటే చిప్ పేరే మనకు ముఖ్యం. ఈ తరం చిప్‌లను బే ట్రయిల్ అంటారు. వీటికి లైనక్స్‌లో ఇంత సపోర్ట్ ఉండటానికి పెద్ద కారణం హాన్స్ డి గోడె అనే కెర్నెల్ డెవలపర్. టచ్, బ్యాటరీ గేజ్, సౌండ్, సెన్సర్లు, ఇలా ఒక్కో మోడల్ తిక్కను ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి సరిచేస్తూ పోయాడు. రూ. 1,500 టాబ్లెట్ మీద మనం ఆడుకుంటున్నామంటే ఆ పని వల్లే.

కౌంటర్ మీదే పరీక్ష

టవర్ సర్కిల్ వైపు ఒక దుకాణంలో ఒకేరకం టాబ్లెట్లు మూడు ఉన్నాయి. నా సంచిలో ఒక ఓటీజీ హబ్, చిన్న కీబోర్డ్, రెండు పెన్ డ్రైవ్‌లు. ఒకదాంట్లో డెబియన్ 12 లైవ్, ఇంకోదాంట్లో మెమ్‌టెస్ట్86 ప్లస్.

"అన్నా, పెన్ డ్రైవ్ పెట్టి ఒక గంట చూస్త, మంచిగుంటే తీస్కుంట" అన్నా.

"తమ్మీ, ఇది ఎక్స్ఛేంజ్‌ల వచ్చిన మాల్. గ్యారంటీ లేదు, వాపస్ లేదు. చూస్కో, నాకేం?" అన్నాడు ఆయన. గ్యారంటీ లేదని ముందే చెప్పే దుకాణమే నాకు నచ్చుతుంది. అలాంటివాళ్లే పరీక్ష చేసుకోనిస్తారు.

మొదటిది చేతిలోకి తీసుకోగానే పక్కన పెట్టేశా. స్క్రీన్ ఒక మూలన ఫ్రేమ్ నుంచి కొంచెం పైకి లేచింది. టేబుల్ మీద బోర్లా పెడితే ఊగుతోంది. లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కినా, పొడిచినా, ఛార్జ్ పెట్టినా మంట అంటుకునే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు తిరిగే చోటికి అది అసలే వద్దు. "బ్యాటరీ మారుస్తే పోలే?" అనుకుంటారేమో. ఈ పాత మోడళ్లకు సరైన కొలత బ్యాటరీ దొరకడం కష్టం, దొరికినా టాబ్లెట్ ధరకు దగ్గరగా ఉంటుంది. దుకాణం అన్నకు కూడా అది షోకేస్‌లోంచి తీసి పెట్టమని చెప్పా.

రెండోది చూడటానికి కొత్తదానిలా ఉంది. గీత లేదు, మరక లేదు. లైవ్ డెబియన్‌లో బూట్ చేసి స్టోరేజ్ ఆరోగ్యం చూశా. ఈ టాబ్లెట్లలో ఎస్ఎస్‌డీ ఉండదు, బోర్డుకే అతికించిన ఈఎంఎంసీ చిప్ ఉంటుంది. పోతే మార్చలేం. అది ఎంత అరిగిందో చిప్పే చెబుతుంది. సిస్ ఫోల్డర్‌లో బ్లాక్, అందులో ఆ డ్రైవ్ పేరు, అందులో డివైస్ అనే ఫోల్డర్‌కు వెళ్తే "లైఫ్ టైమ్" అనే ఫైల్ ఉంటుంది. తెరిస్తే రెండు నంబర్లు. 01 అంటే 10 శాతం లోపు అరిగింది, 02 అంటే 20 లోపు, ఇలా పోయి 0ఏ అంటే 90 నుంచి 100 మధ్య. 0బీ వచ్చిందంటే కంపెనీ లెక్కేసిన ఆయుష్షు దాటిపోయింది. పక్కనే "ప్రీ ఈఓఎల్ ఇన్ఫో" అనే ఇంకో ఫైల్ ఉంటుంది. 01 అయితే మామూలు, 02 అయితే హెచ్చరిక, 03 అయితే చివరి దశ. మరీ పాత చిప్ అయితే ఈ ఫైళ్లలో 00 వస్తుంది, అంటే ఆ చిప్‌కు ఈ లెక్క చెప్పడం రాదని అర్థం.

ఈ రెండో టాబ్లెట్‌లో 0బీ, 03. ఇంత అందంగా ఉన్నదాన్ని వదిలేస్తుంటే దుకాణం అన్న నన్ను వింతగా చూశాడు. కానీ స్టోరేజ్ చచ్చిపోయే టాబ్లెట్ మంచి నోట్‌బుక్‌లాగే ఉంటుంది, ఒక రోజు పొద్దున్నే పేజీలన్నీ తెల్లగా అయ్యేదాకా.

మూడోది చూస్తే ఎవరూ కొనరు. వెనక ప్లాస్టిక్ పగిలింది. ఛార్జింగ్ పిన్ కదిలితేనే పట్టుకుంటోంది. కుడి స్పీకర్ మూగ. స్క్రీన్ మీద ఎడమ అంచున రెండు సెంటీమీటర్ల పట్టీలో టచ్ పని చేయదు. కానీ ఈఎంఎంసీ 03, మామూలు. డ్రైవ్ మొత్తం ఒకసారి చివరి దాకా చదివించా, అయిదారు నిమిషాలు పట్టింది, కెర్నెల్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. తర్వాత మెమ్‌టెస్ట్ పెట్టి పక్కన ఛాయ్‌కి పోయా. 2022లో వచ్చిన మెమ్‌టెస్ట్86 ప్లస్ 6 నుంచి యూఈఎఫ్ఐలో నేరుగా బూట్ అవుతుంది, అందుకే ఈ టాబ్లెట్లలో నడుస్తుంది. వచ్చేసరికి ఎర్ర గీత. ఒక ఎర్రర్.

అక్కడ తొందరపడి వదిలేయకండి. ఎర్రర్ ఉందా అన్నది కాదు ప్రశ్న, ఎక్కడ ఉంది అన్నది. మళ్లీ ఒక రౌండ్ తిప్పా. మళ్లీ అదే అడ్రస్, 1,443 ఎంబీ దగ్గర, అదే బిట్. ర్యామ్ అంతా చెల్లాచెదురుగా ఎర్రర్లు వస్తే అది బోర్డు సమస్యో, కరెంటు సమస్యో కావచ్చు, లేచి రావడమే. ప్రతిసారీ ఒకే చోట వస్తే ఆ గది ఒక్కటే కూలింది, ఇల్లు నిలబడే ఉంది. ఆ గదికి తాళం వేసుకోవచ్చు.

రూ. 2,000 చెప్పాడు, లోపాల లిస్ట్ చదివితే రూ. 1,500కి ఇచ్చాడు.

ఈ మూడింటిలో నేను చూసిన తేడా ఒక్కటే. లైనక్స్ హార్డ్‌వేర్‌ను బాగు చేయదు. కానీ లోపం కదలకుండా ఒకచోట ఉంటే దాని చుట్టూ తోవ వేసుకునే అవకాశం ఇస్తుంది. టచ్ చచ్చిన పట్టీ రేపు కూడా అక్కడే ఉంటుంది. ఉబ్బే బ్యాటరీ, అరిగే స్టోరేజ్ రేపటికి ఇంకోలా ఉంటాయి.

ఇన్‌స్టాల్: ఒకే ఒక్క మెలిక

ఈ టాబ్లెట్లలో ప్రాసెసర్ 64-బిట్, కానీ యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ 32-బిట్. చాలామంది ఇక్కడే "లైనక్స్ రావట్లేదు" అని వదిలేస్తారు. మామూలు 64-బిట్ పెన్ డ్రైవ్ పెడితే ఫర్మ్‌వేర్ దాన్ని చూడను కూడా చూడదు. పెన్ డ్రైవ్ తయారు చేశాక ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో, బూట్ అనే ఫోల్డర్‌లో "బూట్ ఐఏ32" అనే ఫైల్ ఉందో లేదో చూడండి. ఉంటే నడుస్తుంది. 2015లో వచ్చిన డెబియన్ 8 నుంచి ఈ కలగాపులగం సెటప్‌కు సపోర్ట్ ఉంది. ఇన్‌స్టాలర్ తనే గుర్తుపట్టి గ్రబ్ 32-బిట్ రకం వేస్తుంది, కెర్నెల్ మాత్రం 64-బిట్‌దే. అంతా అయ్యాక కూడా టాబ్లెట్ డెబియన్‌ను పట్టించుకోకపోతే, ఎక్స్‌పర్ట్ మోడ్‌లో గ్రబ్‌ను రిమూవబుల్ మీడియా పాత్‌లో కూడా పెట్టమనే ఆప్షన్ ఉంటుంది, దానికి ఎస్ అనండి. సెక్యూర్ బూట్ ముందే ఆఫ్ చేసుకోండి.

డెబియన్ 12 ఎందుకంటే, ఆ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్లు అఫీషియల్ ఇమేజ్‌లోనే కలిపి ఇస్తున్నారు. ఈ టాబ్లెట్లలో తరచూ ఉండే రియల్‌టెక్ 8723బీఎస్ వైఫైకి డ్రైవర్ 2017లో కెర్నెల్ 4.12లో చేరింది. అంతకు ముందు దాన్ని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కంపైల్ చేసుకునేవాళ్లు. ఇప్పుడు ఏం చేయనక్కర్లేదు.

విండోస్ తుడిచే ముందు ఒక పని మర్చిపోవద్దు. విండోస్‌లోని డ్రైవర్ల ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. టచ్ చిప్ సైలీడ్ కంపెనీది అయితే దానికి ఫర్మ్‌వేర్ ఫైల్ కావాలి, అది మోడల్‌కు ఒకరకంగా ఉంటుంది, కొన్నిసార్లు ఆ విండోస్ ఫోల్డర్ ఒక్కటే దిక్కు. నాది గుడిక్స్ చిప్, కాబట్టి నాకు ఆ అవసరం పడలేదు. అయినా కాపీ చేసి పెట్టుకున్నా.

పాత గైడ్లలో బే ట్రయిల్ టాబ్లెట్ ఉన్నట్టుండి ఫ్రీజ్ అవుతుందని, ఇంటెల్ ఐడిల్ మ్యాక్స్ సీ-స్టేట్‌ను 1కి పెట్టమని రాసి ఉంటుంది. అప్పట్లో అది నిజంగా పెద్ద తలనొప్పే. తర్వాతి కెర్నెళ్లలో చాలావరకు సర్దుకుంది. ముందే పెట్టేయకండి, అది పెడితే చిప్ గాఢ నిద్రలోకి పోదు, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఫ్రీజ్ అయితేనే పెట్టండి. నాకు అవసరం రాలేదు.

కూలిన గదికి తాళం: ర్యామ్

గ్రబ్‌లో బ్యాడ్‌ర్యామ్ అనే సెట్టింగ్ ఒకటి ఉంది, కానీ యూఈఎఫ్ఐ బూట్‌లో దాన్ని నేను నమ్మను. మెమరీ పటాన్ని కెర్నెల్ ఫర్మ్‌వేర్ దగ్గరే తీసుకుంటుంది, గ్రబ్ చెప్పిన మాట దాకా చేరకపోవచ్చు. కాబట్టి కెర్నెల్‌కే నేరుగా చెప్పాలి. దానికి "మెమ్‌మ్యాప్" అనే పారామీటర్. ఈక్వల్స్ గుర్తు తర్వాత ఎంత మేర వదలాలి, తర్వాత డాలర్ గుర్తు, తర్వాత ఎక్కడి నుంచి. పాడైన చోటు 1,443 ఎంబీ దగ్గర కాబట్టి, రెండు వైపులా కొంచెం జాగా చూసుకుని 1,441 నుంచి 4 ఎంబీ వదిలేశా. 2 జీబీలో 4 ఎంబీ అంటే లెక్కలోకే రాదు.

ఇబ్బంది అంతా ఆ డాలర్ గుర్తుతోనే. గ్రబ్ దాన్ని తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. అప్పుడు కెర్నెల్‌కు అర్థం మారిపోయి టాబ్లెట్ బూట్ కాకపోవచ్చు కూడా. అందుకే మొదట శాశ్వతంగా రాయకండి. గ్రబ్ మెనూలో 'ఇ' కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్ చివర తాత్కాలికంగా రాసి చూడండి. అక్కడ డాలర్ ముందు ఒక బ్యాక్‌స్లాష్ చాలు. బూట్ అయ్యాక కెర్నెల్ లాగ్‌లో "యూజర్ డిఫైన్డ్ ఫిజికల్ ర్యామ్ మ్యాప్" అని వచ్చి, ఆ మేర రిజర్వ్డ్ అని కనిపిస్తే పని అయినట్టు. అప్పుడు ఎట్‌సీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్‌లో రాయండి, అక్కడ మూడు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి. అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి.

తర్వాత మెమ్‌టెస్టర్ అనే ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపించా. అది వదిలేసిన జాగాను ముట్టుకోదు, మిగతా ర్యామ్‌నే తడుముతుంది. పొద్దున్నకు ఒక్క ఎర్రర్ లేదు. అయినా పాడైన ర్యామ్ పక్కన రేపు ఇంకో గది కూలదని ఎవరూ చెప్పలేరు. అందుకే మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టి, లాగిన్ అయిన ప్రతిసారీ నోట్సు ఫోల్డర్‌ను ఆర్‌సింక్‌తో దాంట్లోకి కాపీ అయ్యేలా పెట్టా. పాత ఫైల్ మీద కొత్తది పడకుండా తేదీల వారీ ఫోల్డర్లు. ర్యామ్ తప్పు చేస్తే ఫైల్ చెడిపోతుంది, చెడిపోయిన ఫైలే బ్యాకప్ మీద పడితే ఇక బ్యాకప్ ఉండీ లాభం లేదు.

టచ్ లేని పట్టీని ఏం చేయాలి?

ఇది నాకు బాగా నచ్చిన భాగం. ముందు ఈవ్‌టెస్ట్ అనే టూల్‌తో కొలిచా. వేలును కుడి నుంచి ఎడమకు లాగుతుంటే నంబర్లు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిపోతాయి. అదే సరిహద్దు. నా స్క్రీన్ 1280 బై 800, ఎడమ అంచు నుంచి దాదాపు 120 పిక్సెళ్లు చచ్చిపోయాయి.

గమనించాల్సింది ఏంటంటే, అక్కడ టచ్ మాత్రమే లేదు, బొమ్మ మంచిగానే కనిపిస్తుంది. అంటే చూసే వస్తువులు అటు, ముట్టుకునే వస్తువులు ఇటు. గంతే.

పీడీఎఫ్ చదవడానికి టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటాం కదా. ఎక్స్‌రాండర్‌తో స్క్రీన్‌ను లెఫ్ట్‌కు తిప్పితే, అసలు ఎడమ అంచు ఇప్పుడు పై అంచు అవుతుంది. రైట్‌కు తిప్పితే అదే కింది అంచు అయ్యేది, ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ సరిగ్గా చచ్చిన చోట కూర్చునేది. కాబట్టి లెఫ్టే. తిప్పినప్పుడు బొమ్మ తిరుగుతుంది కానీ టచ్ తిరగదు, వేలు ఒక దగ్గర పెడితే ఇంకో దగ్గర నొక్కుతుంది. ఎక్స్‌ఇన్‌పుట్‌లో కోఆర్డినేట్ ట్రాన్స్‌ఫర్మేషన్ మ్యాట్రిక్స్ అనే ప్రాపర్టీకి వరుసగా ఈ తొమ్మిది నంబర్లు ఇవ్వాలి: 0 -1 1 1 0 0 0 0 1. ఇంజినీరింగ్ ఫస్ట్ ఇయర్‌లో మ్యాట్రిక్స్ ఎందుకురా అనుకున్నాం కదా, ఇందుకు. మొదటి మూడు నంబర్లు కొత్త ఎక్స్‌ను పాత వై నుంచి తీస్తాయి, తర్వాతి మూడు కొత్త వైని పాత ఎక్స్ నుంచి తీస్తాయి.

తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో వర్క్‌స్పేసెస్ సెట్టింగ్‌కు వెళ్తే మార్జిన్స్ అనే ట్యాబ్ ఉంటుంది. పైన 120 పిక్సెళ్లు ఇచ్చా. ఇక ఏ విండో పెద్దది చేసినా ఆ పట్టీ కిందనే ఆగుతుంది, క్లోజ్ బటన్ చచ్చిన చోట ఇరుక్కోదు. ఆ ఖాళీ పట్టీలో ఒక ప్యానెల్ పెట్టి గడియారం, తేదీ, బ్యాటరీ శాతం పెద్ద అక్షరాల్లో పెట్టా. మెనూ, కీబోర్డ్ బటన్ కింద ఇంకో ప్యానెల్‌లో. చెల్లెకు చూపిస్తే "పైన టైం పెద్దగ పెట్టినవ్, మంచిగుంది అన్నా" అంది. అక్కడ టచ్ రాదని చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

ఒక్క మాట. టచ్ చచ్చిపోవడం వేరు, ఎవరూ ముట్టుకోకుండానే తనంతట తానే నొక్కుకోవడం వేరు. రెండోది ఛార్జర్ పెట్టినప్పుడే వస్తే ముందు ఛార్జర్ మార్చి చూడండి, నాసిరకం ఛార్జర్ల వల్ల అలా అవుతుంది. ఎప్పుడూ వస్తుంటే యూడెవ్ రూల్‌తో టచ్‌ను పూర్తిగా ఆపేసి కీబోర్డ్, మౌస్‌తో వాడుకోవచ్చు. అప్పుడది టాబ్లెట్ కాదు, చిన్న కంప్యూటర్.

మిగతావి గబగబా

ఛార్జింగ్ పిన్‌కు సాఫ్ట్‌వేర్ లేదు. సెల్ రిపేర్ దుకాణంలో రూ. 200 ఇచ్చి మళ్లీ టంకం పెట్టించా. దానికి ఒక అయస్కాంతం మొన పెట్టి వదిలేశా, ఇక కేబుల్ దానికి అంటుకుంటుంది, పిన్‌ను రోజూ లాగే పని లేదు. స్పీకర్‌కు పల్స్ ఆడియోలో రీమ్యాప్ పెట్టి రెండు ఛానెళ్లూ కలిపి మోనో చేశా. లేకపోతే కుడివైపు వచ్చే మాట అసలు వినపడదు.

బ్యాటరీ గంటా నలభై నిమిషాలు వస్తుంది. సమస్య అది కాదు, 20 శాతం చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా ఆరిపోతుంది. యూపవర్ కాన్ఫిగ్ ఫైల్‌లో క్రిటికల్ చర్యను పవర్ ఆఫ్‌గా, దాని శాతాన్ని 25గా పెట్టా. ఆరిపోయే ముందే తనే మర్యాదగా షట్‌డౌన్ అవుతుంది, ఫైళ్లు పదిలం. 2 జీబీ ర్యామ్‌కు జీర్యామ్ తప్పనిసరి, జీర్యామ్ టూల్స్ ప్యాకేజీ వేసి జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్ పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో నాలుగు ట్యాబ్‌ల దాకా ఓకే, అయిదోదానికి ఆయాసం వస్తుంది. యూట్యూబ్ ఆగి ఆగి వస్తే కారణం ఈ చిప్ వీపీ9 వీడియోను హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేదు. హెచ్.264 మాత్రమే పంపమని అడిగే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే 720పీ సాఫీగా నడుస్తుంది.

కెమెరా పని చేయదు. దాని డ్రైవర్ కెర్నెల్‌లోకి వచ్చి, 2018లో పీకేసి, 2020లో మళ్లీ వచ్చింది, ఇంకా మామూలు మనిషి వాడే స్థితిలో లేదు. వీడియో కాల్ కోసం కొనేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

తెలుగు, గోండి

తెలుగు గురించి భయపడనక్కర్లేదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థలు, వాలంటీర్లు ఏళ్ల తరబడి చేసిన అనువాదాల వల్ల మెనూలు కూడా చాలావరకు తెలుగులో వస్తాయి. ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. ఆన్‌బోర్డ్ అనే ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ మంచిది. సిస్టమ్ కీబోర్డ్ లేఅవుట్ తెలుగు పెడితే దాని బటన్ల మీద కూడా తెలుగు అక్షరాలే కనిపిస్తాయి. కీవిక్స్‌లో తెలుగు వికీపీడియా మొత్తం ఆఫ్‌లైన్‌గా పెట్టా.

గోండి దగ్గరే నిజమైన తేడా తెలిసింది. గుంజాల గోండి లిపి మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి. అది 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చేరింది. 2014 నాటి విండోస్ 8.1కు ఆ అక్షరాలు ఉన్నాయనే తెలియదు, డబ్బాలే కనిపిస్తాయి. డెబియన్‌లో నోటో శాన్స్ గుంజాల గోండి ఫాంట్ వేసి లిబ్రేఆఫీస్ తెరిస్తే అక్షరం, గుణింతం సరిగ్గా కూర్చున్నాయి. టైప్ చేయడానికి హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌కంపోజ్ అనే ఫైల్ రాశా. కంపోజ్ కీ నొక్కి ఒక ఇంగ్లిష్ అక్షరం కొడితే దానికి తగ్గ గోండి అక్షరం పడుతుంది. దీనికి మాత్రం బయటి కీబోర్డ్ కావాలి, ఆన్‌స్క్రీన్‌లో కంపోజ్ కీ పట్టుకోవడం విసుగు. ఏ అక్షరానికి ఏ కీ అన్నది నేను ఊహించి పెట్టలేదు. ఆ లిపి వచ్చిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని చెల్లె రాయించుకుంది, నేను ఫైల్‌లో ఎక్కించా.

ఖర్చు లెక్క: టాబ్లెట్ రూ. 1,500, టంకం రూ. 200, ఓటీజీ హబ్ రూ. 250, మైక్రో ఎస్‌డీ కార్డు రూ. 400. మొత్తం రూ. 2,350. పాత కీబోర్డ్ నా దగ్గరిదే ఇచ్చా. లక్సెట్టిపేట, జన్నారం మీదుగా బస్సులో తీసుకెళ్లి ఇచ్చి వచ్చా, ఇప్పటికి నాలుగు నెలలు. మొన్న ఫోన్ చేస్తే ఈఎంఎంసీ నంబర్ చదివి చెప్పమన్నా. ఇంకా 03 దగ్గరే ఉంది. బ్యాటరీ మాత్రం గంటా ఇరవైకి వచ్చింది. అది గంట లోపుకు పడినా, వెనక మూత కొంచెం లేచినట్టు అనిపించినా ఛార్జ్ పెట్టకుండా వెంటనే తెచ్చేయమని చెప్పా.